బోరు నీటికి రెండు పరీక్షలు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు పరిసర పల్లెల్లో బోరు నీరు ఉప్పగా లేకపోతే చాలు, మంచినీళ్లేనని తేల్చుకునే అలవాటు ఇంకా పోలేదు. ఫ్లోరైడుకు, నైట్రేటుకు రుచి తెలియదు. నీళ్లు కాచినా అవి పోవు. 2012 నాటి భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకు అనుమతిస్తారు. నైట్రేటుకు మాత్రం 45 మిల్లీగ్రాములే హద్దు, సడలింపు లేదు.

సేద్యానికి చూడవలసినవి వేరు. కాల్షియం, మెగ్నీషియంలతో పోల్చితే సోడియం ఎంత ఉందో, మిగులు సోడియం కార్బొనేటు (కాల్షియం, మెగ్నీషియంలను మించి నీటిలో ఉన్న కార్బొనేట్లు, బైకార్బొనేట్లు) ఎంతో తేలాలి. ఈ రెండోది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీటిని నల్లరేగడికి ఏళ్ల తరబడి పెడితే మట్టి రేణువులు విడిపోయి, నేల బిగుసుకుపోయి, వాన నీరు కూడా సరిగా ఇంకదు. ఉప్పుకు అంతగా ఓర్వలేని మిరపకు అది మరీ చేటు. ఇలా సోడియం వల్ల చెడిన నేలను బాగుచేయడానికి వేసే జిప్సం అవసరమో కాదో ఈ అంకెలు చూడకుండా, ఎరువుల కొట్టులో చెప్పిన మాట మీద నిర్ణయించుకోవడం డబ్బు దండగని నా అభిప్రాయం.

కనుక అధికారులు ఊరుమ్మడి బోర్ల నీటిని వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్షించి, తాగడానికి, సాగుకు ఫలితాలను విడివిడిగా గ్రామ సచివాలయం గోడపై తెలుగులో రాయించాలని కోరుతున్నాను.

– ఒక రైతు, గుంటూరు