చేసినవాళ్లెవరో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పండగ సెలవులొస్తే నలుగురు స్నేహితురాళ్లం కలిసి దగ్గర్లో పెట్టే చేతిపనుల బజార్లకు వెళ్తుంటాం. కొనేది తక్కువే. ఒక్కో స్టాల్ దగ్గర ఆగి 'ఇదెలా చేశారు?' అని అడగడం, వాళ్లు చెబుతుంటే వినడం మాకు ఇష్టం. ఈమధ్య ఆ ప్రశ్నకు జవాబు దొరకడం లేదు. 'సరుకు వస్తుంది, అమ్ముతాం' అంటున్నారు. పక్క స్టాల్‌లోనూ అచ్చం అవే వస్తువులు.

మాలో ఒకామె క్రోషే అల్లుతుంది. స్వెటర్లు అల్లే యంత్రాలున్నాయి గానీ, అసలు క్రోషే ఎక్కడైనా చేత్తో అల్లాల్సిందేనట, ఒక్కో ముడీ కొక్కెం సూదితో లాగాల్సిందేనట. అలాంటి బొమ్మను మరీ చవగ్గా అమ్ముతుంటే అది నకలైనా అయ్యుండాలి, లేదా అల్లిన మనిషికి కూలి సరిగా దక్కకపోయైనా ఉండాలి. ఈ మాట విన్నాక మాకెవరికీ బేరమాడటానికి నోరు రాలేదు.

చూసే కన్నుంటే కొంత తేడా తెలుస్తుంది. చెక్క అచ్చుతో అద్దిన బట్ట మీద అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడో వెంట్రుకవాసి జరుగుతుంది. సారె మీద చేసిన కుండ లోపల తడిమితే చాలాసార్లు వేళ్ల చుట్లు తగులుతాయి. మూసలో పోసినదానికి అవి ఉండవు. కానీ జనం రద్దీలో ఇదంతా పరీక్షించి కొనడం ఎందరికి కుదురుతుంది? ఆ బాధ్యత నిర్వాహకులు తీసుకోవాలి.

ప్రతి స్టాల్ ముందు ఒక బోర్డు పెట్టించండి: ఎవరు చేశారు, పూర్తిగా చేతిపనా, కొంత యంత్రంతోనా. కొని తెచ్చి అమ్మేవాళ్లను రావద్దని నేననను, ఆ సంగతి రాస్తే చాలు. స్టాల్ అద్దె విషయమూ చూడాలి. ఎంత అమ్మితే అంత సరుకు తెప్పించుకోగల వ్యాపారి ఎక్కువ అద్దె కట్టగలడు. నెలల తరబడి కూర్చుని కొన్ని వస్తువులే చేయగలిగిన మనిషి కట్టలేడు. అందుకే తయారీదారులకు అద్దె తగ్గించి, అక్కడే కూర్చుని పని చేసి చూపించడానికి కాస్త చోటివ్వాలి.

వచ్చే సెలవులకైనా ఈ మార్పు చేయండి. ఎదురుగా చేసినవాళ్లే ఉంటే మేం అడగాల్సినవి చాలా ఉన్నాయి.

– ఓ పాఠకురాలు