తల వెనక మాస్కు ఎటు చూస్తోంది?

సంపాదకుడు గారికి నమస్కారం.

పులి నుంచి కాపాడతాయని అటవీ శాఖవాళ్లు పత్తి కూలీలకు మాస్కులు పంచుతున్న ఫొటో మీ జిల్లా పేజీలో చూసి వారం దాటింది. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

మనిషి మొహం బొమ్మను తల వెనక కట్టుకుంటే, వెనక నుంచి వచ్చే పులి వెనకాడుతుందని లెక్క. సుందర్‌బన్స్‌లో తేనెకు పోయేవాళ్లు 1980ల చివర్లో ఇలాగే కట్టుకున్నారు. కొంతకాలం పనిచేసింది కూడా, కాదనను. కానీ మా ఆడవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని, కింది కాయల కోసం రోజంతా వంగి పత్తి ఏరుతారు. వంగిన మనిషి తల వెనక కట్టిన మొహం ఎటు చూస్తుంది సార్? ఆకాశం కేసి. గద్దలు భయపడతాయేమో. ఫొటోలో మాత్రం అందరూ నిటారుగానే నిలబడ్డారు.

2024 నవంబరు 29న మా మండలంలోని గన్నారం దగ్గర పత్తి చేనులో ఒక అమ్మాయి పులి దాడిలో పోయింది. మర్నాడే సిర్పూర్(టి) వైపు ఒక రైతు పులి దాడి నుంచి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత గాని డ్రోన్లూ మైకులూ మాస్కులూ రాలేదు. ఇదేమైనా కొత్తా? 2020 నవంబరులో దిగిడలో ఒక యువకుడు. అదే నెలాఖరున పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి ఏరుతున్న పిల్ల. 2022 నవంబరులో వాంకిడి మండలంలో ఒక ముసలి రైతు. అన్నీ నవంబరే. చలి మొదలైతే పులి జత కోసం, జాగా కోసం తిరుగుతుంది. అప్పటికి పత్తి నడుము దాటి, పులి పడుకున్నా కనపడదు. ఊరంతా చేన్లలోనే ఉంటుంది. ఈ మాట మా ఊళ్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా చెబుతుంది. దసరాకే జరగాల్సిన పని శవం లేచాక ఎందుకు మొదలవుతుంది?

చేనుకు పొద్దున పదింటికి వెళ్లి నాలుగింటికల్లా వచ్చేయమంటున్నారు అటవీ శాఖవాళ్లు. రైతుకు అభ్యంతరం లేదు. మంచు ఆరాక ఏరితే తేమ తగ్గుతుంది, పన్నెండు శాతం దాటిందని సీసీఐ (ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రం నుంచి పత్తి వెనక్కి రాదు. మరి కైకిలికి వచ్చేవాళ్లో? కిలోల లెక్కన ఏరే మనిషికి మూడు గంటలు తగ్గితే ఆ మేరకు కూలి తెగినట్టే. పైగా వాళ్లను తెచ్చే ఆటో ఒక్కటే, చీకటితోనే ఒక ఊరు, తెల్లారాక ఇంకో ఊరు తిరుగుతాడు. అందరికీ పదింటికే అంటే వాడు నవ్వుతున్నాడు. తెగిన కూలి ఎవరిస్తారో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

పులి ఏ ఊరి పక్కన ఉందో అటవీ శాఖ కెమెరాల్లో పడుతుంది, జాడ తీసే ట్రాకర్లకు తెలుస్తుంది. మాకు తెలిసేది మర్నాడు, మీ పేపర్లో. లేదంటే వాట్సాప్‌లో, అక్కడైతే మహారాష్ట్ర పులులు కూడా మా చెరువు కట్ట మీదే తిరుగుతాయి. సాయంత్రం ఒక డప్పు చాటింపు వేయించడానికి ఎంత ఖర్చు? అడిగితే పంచాయతీని అడగమంటారు. పంచాయతీకి 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్ లేకుండా పోయాడు. ఆయన బదులు ప్రత్యేకాధికారిని పెట్టారట. మా ఊళ్లో పులిని చూసినవాళ్లు ముగ్గురున్నారు, ఆ అధికారిని చూసినవాళ్లు ఇద్దరే. ఊరి చివరి స్తంభానికి బతుకమ్మ ముందు పోయిన బల్బు ఇంకా వేయలేదు. ఆడవాళ్లు ఆ చీకట్లోనే చెంబు పట్టుకుని పోతున్నారు. బహిరంగ మలవిసర్జన లేని గ్రామం అన్న బోర్డు కూడా ఆ స్తంభం పక్కనే.

పులిని చంపమని నేను రాయడం లేదు. మహారాష్ట్రలోని తడోబా అడవి నుంచి ప్రాణహిత దాటి మన కవ్వాల్ అడవికి పోయే పులికి దారి మా చేన్ల మీదుగానే. 2012లో కవ్వాల్‌ను టైగర్ రిజర్వ్ చేసినవాళ్లకు ఆ దారిలో మేమున్న సంగతి తట్టలేదు కాబోలు. 2024 జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు చచ్చాయి, విషం పెట్టారని కొందరిని అరెస్టు చేశారు. తప్పే, శిక్ష పడాల్సిందే. అయితే మా పక్కింటాయన ఆవును పులి కొట్టినప్పుడు జరిగింది కూడా వినండి. కళేబరం కదపొద్దన్నారు, ఫొటో అన్నారు, పశువుల డాక్టరు కాగితం అన్నారు. అన్నీ పట్టుకుని ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగాడు. మూడోసారి వెళ్తే అసలు ఫైలే లేదన్నారు.

మీ పేపరుకూ ఒక మాట. పంజా విసిరిందని ఎర్ర అక్షరాల్లో వేస్తారు సరే, ఏ శివారు నుంచి ఏ వైపు పోయిందన్నది చివరి పేరాలో కూడా ఉండదు. మాకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

ఎల్లుండి మా చేనులో రెండో ఏరుడు. పన్నెండు మంది రావాలి, ఆరుగురు రామన్నారు. వచ్చే ఆరుగురికి మాస్కులు నాలుగున్నాయి.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
కాగజ్‌నగర్ మండలం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా