రెడ్డిని రమ్మన్నట్టే మా అత్తనూ రమ్మంటున్నారు

గౌరవనీయులైన మంత్రి గారికి,

కర్నూలు నుంచి నమస్కారాలు. మా మేనత్తకు కళాకారుల పింఛను కోసం నేను రాస్తున్న నాలుగో అర్జీ ఇది. మొదటి మూడూ ఏ ఫైలు కింద నిద్రపోతున్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అత్తకు డెబ్బై ఆరేళ్లు. కోయిలకుంట్ల పక్క పల్లె ఆమెది. కలుపు తీస్తూ, కోలాటమాడుతూ యాభై ఏళ్లు, తెల్లదొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట పాడింది. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి మా ఇంట్లోనే ఉంటోంది. పోయినసారి ఆఫీసుకు వెళితే, "నువ్వొస్తే కుదరదు, ఆమే రావాలి" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్త పడీపడీ నవ్వింది. 1846లో రెడ్డి తన భరణం కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తాసిల్దారు అన్నదీ ఇదే కదా సార్, రెడ్డే రావాలని! నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు ఆ భరణం. ఆయన వచ్చాడు. వచ్చి ఖజానా మీద పడ్డాడు, ఏమైందో మీకు తెలుసు. మా అత్త మీ మెట్లు కూడా ఎక్కలేదు, టెన్షన్ పడకండి.

ప్రదర్శనల ఫోటోలు, పేపర్ కటింగులు తెమ్మన్నారు. వేరుశనగ చేలో వంగి కలుపు తీసే మనిషికి ఫోటో ఎవరు తీస్తారండీ?

పింఛను సంగతి అలా ఉంచండి. ఒకసారి ఒక సభకు పిలిచి అయిదు నిమిషాలు ఇచ్చారు. అత్త అలవాటుగా రెడ్డి తల్లి దగ్గర ఎత్తుకుంది. కొడుకు తిన్నాడో లేదోనని సద్దిమూట కట్టుకుని నల్లమల వైపు చూసే తల్లి. రెండో చరణం కాకముందే ఒకాయన మైకు దగ్గరికొచ్చి, "ఏడుపు వద్దమ్మా, కత్తి తిప్పేది పాడు" అన్నాడు. అత్త పాటలో కత్తి ఉండేది నాలుగు చరణాలే. మిగతాదంతా ఆకలి, అడవి, ఆయన వెంట పోయినవాళ్ల ఇళ్లలో ఆరిపోయిన పొయ్యిలు. 1847 ఫిబ్రవరి 22న రెడ్డిని ఉరితీసి, తలను కోయిలకుంట్ల కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా దించలేదు. ముప్పై ఏళ్లు! ఆ గుమ్మం ముందు నుంచి సంతకు పోయే ఆడవాళ్లు కొంగు నెత్తిన కప్పుకుని పోయేవాళ్లట. అత్త ఆ చరణం ఎత్తుకుంటే మా ఊళ్లో కోలాటం కర్రలు ఆగిపోయేవి. మీ సభలో అత్తనే ఆపి డీజే పెట్టారు.

2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. సంతోషమే. ఆ పాట మోసినవాళ్లకు పింఛనివ్వండి, ఫిబ్రవరి సభల్లో ఆ తల్లి చరణాలు పాడనివ్వండి, ముందు ఎవరినైనా పంపి అత్త గొంతు రికార్డు చేయించండి. చేతులు జోడించి అడుగుతున్నా సార్. పింఛను ఆలస్యమైనా ఓర్చుకుంటాం, రికార్డింగు మాత్రం ఆలస్యం చేయకండి.

ఎవరినైనా పంపితే పొద్దున పదిలోపు రమ్మనండి. ఆ తర్వాత ఆయాసం వస్తోంది.

ఇట్లు,
మేనల్లుడు