ముందు మైదానం చెప్పండి, తరువాత బంతి చూద్దాం

దసరా సెలవుల తరువాత మా పర్లాకిమిడి దుకాణానికి వచ్చినవారిలో చాలామంది, డ్యూస్ బంతులు, అంటే క్రికెట్ ఆడే గట్టి తోలు బంతులు ఉండే అరలో సగం ఎందుకు ఖాళీగా ఉందని, మీరట్ నుంచి సరుకు రాలేదా అని అడుగుతున్నారు. సరుకు వచ్చింది. కొన్ని రకాలను ఇకమీద తెప్పించకూడదని మేమే నిర్ణయించుకున్నాము. బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ కొంచెం కొంచెంగా చెప్పేకంటే, కారణమేమిటో, అందువల్ల మీకు మిగిలేదేమిటో, మాకు తగ్గేదేమిటో ఒకేచోట వివరంగా చెప్పడం న్యాయమని ఇది రాస్తున్నాము.

మా దగ్గరకు వచ్చే జట్లు సాధారణంగా "ఉన్నవాటిలో మంచి డ్యూస్ బంతి ఇవ్వండి" అని అడుగుతాయి. అన్నిటికంటే ఖరీదైనదే అన్ని చోట్లా పనికివస్తుందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. నిజానికి పెద్ద ఆటలో కూడా అలా లేదు. ఇంగ్లండులో టెస్టులు డ్యూక్స్ బంతితో, ఆస్ట్రేలియాలో కూకబురాతో, మన దేశంలో మీరట్‌లో తయారయ్యే ఎస్.జీ. బంతితో ఆడతారు. చేత్తో కుట్టే ఎస్.జీ. బంతికి సీమ్, అంటే నడుమ చుట్టూ ఉండే కుట్టు గట్టు, ఎత్తుగా ఉండి చాలా ఓవర్ల వరకు నిలుస్తుంది. కూకబురాకు అది త్వరగా అణగిపోతుంది. అందుకే ఒక దేశంలో పేరు తెచ్చుకున్న బౌలర్లు కూడా మరో దేశానికి వెళ్ళినప్పుడు అక్కడి బంతిని చేతికి అలవాటు చేసుకోవడానికి ప్రత్యేకంగా సాధన చేస్తారు. వాళ్ళకు దేశం మారితే గాని బంతి మారదు. మనకు ఊరు దాటితే చాలు, నేల మారిపోతుంది.

మీకు తెలియనిది కాదు గాని ఒకసారి గుర్తు చేస్తాను. కాశీనగరం వైపు వంశధార ఒడ్డు ఊళ్ళలో కోతలయ్యాక వరి మళ్ళనే చదును చేసుకుని ఆడతారు. గుమ్మా, నువాగడ వైపు కొండ పల్లెల్లో సవర కుర్రవాళ్ళు ఆడేది చిన్న రాళ్ళు కలిసిన ఎర్రని గరప నేల మీద. పట్టణంలోనూ, సరిహద్దు దాటి పాతపట్నం, టెక్కలి వైపునా బడులలో, కళాశాలల్లో ఎక్కువగా కనిపించేది సిమెంటు పిచ్. కొందరు దాని మీద కొబ్బరి పీచు మ్యాటు గాని, సింథటిక్ మ్యాటు గాని పరుస్తారు. పచ్చిక పిచ్ మీద ఆడటమంటే మన జట్లలో చాలావాటికి టోర్నమెంటు కోసం బయటి ఊరికి వెళ్ళినప్పుడే. ఇన్ని నేలలకూ ఒకే బంతి అమ్మడం మాకు సులువు, మీకు ఖర్చు.

అన్నిటికంటే ముందు సిమెంటు సంగతి చెప్పాలి, ఎందుకంటే మా అరలో ఖాళీకి ముఖ్య కారణం అదే. డ్యూస్ బంతి నడుమ కార్కు గుండు ఉంటుంది, దాని చుట్టూ ఉన్ని దారం బిగించి చుడతారు, పైన పటికతో పదును చేసిన తోలు తొడిగి కుడతారు. నాలుగు ముక్కల బంతిలో ఒక్కొక్క అర్ధభాగం రెండేసి తోలు ముక్కలతో తయారవుతుంది. సీమ్‌కు అడ్డంగా రెండు వైపులా సన్నని అతుకు గీత కనిపిస్తుంది. రెండు ముక్కల బంతికి ఆ గీత ఉండదు, ధర తక్కువ, ఆకారం కూడా త్వరగా పోతుంది. ఏది ఎంత బాగా కుట్టినా తోలు తోలే. మ్యాటు లేని సిమెంటు మీద అది పడిన ప్రతిసారీ గరుకు రాతి మీద రుద్దినట్టు గీసుకుపోతుంది. ముందుగా మెరుపు పోతుంది, ఆ వెంటనే కుట్లు తెగి సీమ్ విచ్చుకుంటుంది, ఆ తరువాత అది ఎటు లేస్తుందో బ్యాటరుకూ తెలియదు, వికెట్ కీపరుకూ తెలియదు. హెల్మెట్లు లేని బడి పిల్లలు ఆడే చోట ఇది డబ్బు నష్టంతో పోయే విషయం కాదు.

మా బల్ల మీద గాజు పెట్టెలో రెండు బంతులను నిలువునా కోయించి పెట్టాము, వచ్చినప్పుడు తప్పక చూడండి. ఒకటి చవక రకం రెండు ముక్కల బంతి: కార్కు పొడిని రబ్బరుతో కలిపి అచ్చు పోసిన పెద్ద గుండు, దాని మీద పేరుకు నాలుగు చుట్ల దారం, ఆ పైన పలచని తోలు. రెండోది నాలుగు ముక్కల బంతి: చిన్న గుండు, దాని చుట్టూ కార్కు పొర, ఉన్ని పొర ఒకదాని మీద ఒకటి చెట్టు మానులో వలయాల్లా దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ పొరలు సర్దుకుని మళ్ళీ గుండ్రంగా నిలుస్తాయి. మొదటి రకంలో సర్దుకోవడానికి పొరలే లేవు. ఆ రకాన్ని ఇకమీద మేము అమ్మము. ఒక్కొక్క బంతి మీద మాకు మిగిలేది దాని మీదే ఎక్కువ అన్న మాట కూడా దాచకుండా చెబుతున్నాను.

మ్యాటు లేని సిమెంటు మీద ఆడేవారికి మా సలహా సింథటిక్ బంతి. తోలు బంతికి ఉన్నట్టే బరువు, కుట్టులాంటి గట్టు ఉంటాయి గాని పైపొర ప్లాస్టిక్ జాతిది కాబట్టి త్వరగా అరగదు, తడిసినా ఉబ్బదు. స్వింగు, అంటే గాలిలో బంతి పక్కకు వంపు తిరగడం, మాత్రం ఆశించవద్దు. దానితోనే నేర్చుకున్న బౌలరు తోలు బంతి పట్టినప్పుడు చేతికి కొత్తగా ఉంటుంది. అందువల్ల సెలెక్షన్లకు వెళ్ళే పిల్లలున్న జట్లు కనీసం వారానికి ఒకపూట మ్యాటు పరచుకుని తోలు బంతితో సాధన చేయాలని పీఈటీ మాస్టార్లను ప్రత్యేకంగా కోరుతున్నాము.

మ్యాటు విషయానికి వస్తే, కొబ్బరి పీచు మ్యాటుకూ సింథటిక్ మ్యాటుకూ తేడా ఉంది. పీచు మ్యాటు బంతిని పట్టుకుని తిప్పుతుంది, స్పిన్నర్లకు ఆనందం. మ్యాటును అంచుల దగ్గర మేకులతో ఎంత బిగించి లాగితే బంతి అంత పైకి లేస్తుంది. పీచు తోలును మెల్లగా గీస్తుంది గాని సిమెంటు చేసినంత నష్టం చేయదు. దీనికి నాలుగు ముక్కల బంతిలోనే మధ్యరకం సరిపోతుంది. అగ్రశ్రేణి మ్యాచ్ బంతికి ఉండే ప్రత్యేకత, అంటే ఎక్కువ ఓవర్ల వరకు నిలిచే సీమ్, ముప్పై ఓవర్ల మ్యాచ్‌లో మీకు అక్కరకు రాదు. ఆ ఖరీదైన బంతిని మీరు అడిగినా, ఎక్కడ ఆడతారో విన్నాక మేము వద్దనే అవకాశం ఉంది, మనసు కష్టపెట్టుకోవద్దు. బయటి ఊళ్ళలో పచ్చిక పిచ్ మీద ఆడబోయే జట్లకు మాత్రం అదే ఇస్తాము. అదీ టోర్నమెంటుకు కొద్దిరోజుల ముందుగా తీసుకుని నెట్స్‌లో వాడి, చేతికి అలవాటు చేసుకుని వెళ్ళమంటాము.

బరువు గురించి కూడా చెప్పాలి. పురుషుల క్రికెట్‌లో, ఆట నియమాలు రాసే ఎం.సి.సి. క్లబ్బు నిబంధనల ప్రకారం బంతి బరువు 155.9 గ్రాములకు తగ్గకూడదు, 163 గ్రాములు మించకూడదు. ఈ సీజను నుంచి ప్రతి తోలు బంతినీ కాటా మీద పెట్టి, గాజు బల్ల మీద నెమ్మదిగా దొర్లించి చూశాకే అరలో పెడుతున్నాము. గుండ్రం తప్పిన బంతి ఆ కాస్త దూరంలోనే ఒక పక్కకు తూలుతుంది. మీరు అడిగితే మీ ఎదుటే మళ్ళీ తూచి చూపిస్తాము. పన్నెండేళ్ళ పిల్లల చేతికి పెద్దవాళ్ళ బంతి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. దానితో వేగంగా వేయాలని ప్రయత్నించే పిల్లవాడికి భుజం నొప్పి, పట్టు కుదరని అలవాటు తప్ప మరేమీ రాదు. పిల్లలకు 140 గ్రాములకు కాస్త అటూఇటూగా ఉండే చిన్న బంతులు వేరే ఉన్నాయి. అమ్ముడుపోవని ఇన్నాళ్ళూ వాటిని తక్కువగా తెప్పించేవాళ్ళం. ఇకమీద ఎప్పుడూ అరలో ఉంటాయి.

సంక్రాంతి టోర్నమెంట్లలో ఎక్కువ భాగం టెన్నిస్ బంతివే కాబట్టి వాటి సంగతి తేలిక అనుకోవద్దు. మామూలు టెన్నిస్ బంతి 56 నుంచి 59 గ్రాములు తూగుతుంది; క్రికెట్ కోసమే చేసిన హెవీ టెన్నిస్ బంతి దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. వరి మడిలో దుబ్బులు మిగిలిన మెత్తని నేల మీద తేలిక బంతి లేవనే లేవదు, అక్కడ హెవీ బంతే కావాలి. గరప నేల మీద పరిస్థితి వేరు: చిన్న రాళ్ళు పై నూగును చెక్కేస్తాయి, నూగు పోయిన బంతి నేలను తాకగానే జారి వేగంగా దూసుకువస్తుంది, కొత్త బంతికి అలవాటుపడిన బ్యాటరు ఆలస్యంగా ఆడి బౌల్డవుతాడు. కొండ పల్లెల జట్లు ఒకటి రెండు కాకుండా, నూగు దట్టంగా ఉన్న బంతులను డబ్బాగా తీసుకుని ఇన్నింగ్స్‌కు ఒకటి చొప్పున మార్చుకుంటే ఇరుజట్లకూ న్యాయంగా ఉంటుంది.

పుష్యమాసపు రాత్రుల్లో లైట్ల కింద ఆడేవారు మంచును లెక్కలోకి తీసుకోవాలి. టెన్నిస్ బంతి నూగు మంచు తడిని పీల్చుకుని బరువెక్కుతుంది. తోలు బంతి ఉబ్బి మెత్తబడుతుంది, స్పిన్నరు వేళ్ళకు పట్టు దొరకదు. తడిసిన తోలు బంతిని మరునాడు ఎండలో గాని, పొయ్యి దగ్గర గాని పెట్టి ఆరబెట్టవద్దు, తోలు బిరుసెక్కి పగులుతుంది. పొడి గుడ్డతో తుడిచి నీడలో గాలికి ఉంచండి. రాత్రి ఆటకు తెల్లని తోలు బంతి అడిగేవారికి ఒక్క మాట: మన ఎర్రమట్టి మీద అది కొద్ది ఓవర్లకే మట్టిరంగుకు తిరిగిపోయి, లైట్ల కింద ఎర్ర బంతికంటే కష్టంగా కనిపిస్తుంది. మెరిసే పసుపుపచ్చని టెన్నిస్ బంతితో టోర్నమెంటు పెట్టుకోవడం ఎంతో మేలు.

తోలు బంతికి మెరుపు తెచ్చే ఎర్ర పాలిష్ సీసాలు ఉన్నాయా అని కూడా అడుగుతున్నారు. లేవు, తెప్పించము. బయటి పదార్థం ఏదీ పూయకుండా బంతిని రుద్దుకోవచ్చు అన్నదే నియమం. 2022 నుంచి ఉమ్మి కూడా నిషేధం. చెమట, ప్యాంటు గుడ్డ, వీటితోనే ఒక వైపు మెరుపు కాపాడటం పిల్లలకు నేర్పితే స్వింగు దానంతట అదే వస్తుంది.

ఇక కొనుగోలు ఎలా అన్నది. ఈ నెల నుంచి బంతులను జట్టు సరంజామాగా, నేలను బట్టి కట్టి ఇస్తున్నాము. మ్యాటు మీద ఆడే జట్టుకు మ్యాచ్‌ల కోసం మధ్యరకం నాలుగు ముక్కల బంతులు, సాధనకు సింథటిక్ బంతులు కలిపి వస్తాయి. వట్టి సిమెంటు మీద ఆడే జట్టుకు తోలు బంతులు ఉండవు, ఆ డబ్బుకు సింథటిక్ బంతులు ఎక్కువ వస్తాయి. పొలాల్లో ఆడేవారికి హెవీ టెన్నిస్ బంతులు. మీ అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. మ్యాటు మీద గాని, పచ్చిక మీద గాని ఆడిన నాలుగు ముక్కల బంతికి మొదటి మ్యాచ్‌లోనే కుట్లు తెగితే మారుస్తాము. కంపెనీ మాకు ఆ హామీ ఇవ్వడం లేదు, ఆ ఖర్చు మాదే. కనుక వట్టి సిమెంటు మీద వాడిన తోలు బంతికి ఇది వర్తించదు. సిమెంటు మీద రాసుకున్న గీతలు తోలు మీద స్పష్టంగా తెలుస్తాయి కాబట్టి ఈ విషయంలో వాదన రాదనుకుంటున్నాము.

సంక్రాంతికి కావలసిన బంతులు డిసెంబరు మధ్యలోగా చెప్పినవారికి పాత ధరకే ఇవ్వగలము. ఆ తరువాత వచ్చే సరుకు కొత్త ధరది. వచ్చేటప్పుడు మీ పిచ్ ఫోటో ఒకటి ఫోనులో తీసుకురండి. మ్యాటు ఉన్నవారు దాని అంచు దగ్గరగా కనిపించేలా తీస్తే, అది కొబ్బరి పీచుదో సింథటిక్‌దో, ఎంత అరిగిందో చూసి, దానికి తగిన బంతులు తీసిపెడతాము.