సెల్ఫ్ తిరగని పాత కార్లు: మా షాపులో జరిగిన పొరపాటు గురించి

ఈ మార్చి మొదలు మే నెలాఖరు వరకు మా షాపులో బ్యాటరీ కేబుల్ మార్పించుకున్న వారందరూ ఇది తప్పక చదవాలని కోరుతున్నాను. ఆ మూడు నెలల్లో నేను 19 పాత కార్లకు వేసిన కేబుళ్లు రాగివి కావు. నేను వాటిని రాగివని నమ్మి కొన్నాను, రాగివని మీకు చెప్పి డబ్బు తీసుకున్నాను.

మొదట తిరిగి వచ్చినది శ్రీకాళహస్తి నుంచి వచ్చే ఒక మారుతి 800. పొద్దున మామూలుగానే స్టార్ట్ అవుతోందనీ, ఎండలో కొంత దూరం తిరిగి ఆపిన తరువాత తాళం తిప్పితే మాత్రం టక్కుమని ఒక్క శబ్దం చేసి ఊరుకుంటోందనీ దాని యజమాని చెప్పారు. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, ఇంజిను నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ 14.2 వోల్టులు ఉంది. రెండూ సరిగానే ఉన్నాయి కాబట్టి లోపం సెల్ఫ్‌లో, అంటే ఇంజినును తిప్పి స్టార్ట్ చేసే మోటారులో, ఉందని తేల్చి, దాన్ని దించి, బ్రష్షులూ బుష్షులూ మార్చి, పని బాగా జరిగిందన్న నమ్మకంతో పంపించాను. వారం తిరగకుండానే ఆ కారు అదే ఫిర్యాదుతో మళ్లీ వచ్చింది. ఈలోగా అటువంటి లక్షణమే ఉన్న మరో రెండు కార్లకు కూడా నేను సెల్ఫ్ పనే చేసి ఉన్నాను.

నిజానికి కారు నాకు మొదటి రోజే జాడ చెప్పింది. తాళం తిప్పినప్పుడు బ్యాటరీ నీరసించి ఉంటే హెడ్‌లైట్లు బాగా మసకబారాలి. ఆ కారులో సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతున్నా లైట్ల వెలుగు పెద్దగా తగ్గలేదు. అంటే బ్యాటరీలో శక్తి ఉంది, అది సెల్ఫ్ దాకా చేరడం లేదు. ఇటువంటి చోట మీటరు ఒక కొసను బ్యాటరీ టెర్మినల్‌పై, రెండో కొసను సెల్ఫ్ టెర్మినల్‌పై ఉంచి, తాళం తిప్పుతుండగా మధ్యలో ఎంత వోల్టేజి పోతోందో చూడాలి. అది అర వోల్టు దాటకూడదు. ఇది నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు మొదటి నెలలోనే నేర్పే పరీక్ష. అయినా ఆ మూడు కార్లకు నేను దాన్ని చేయలేదు. ఆ కేబుల్ కొత్తది, పైగా నా చేతులతో నేనే బిగించినది కాబట్టి దాన్ని అనుమానించాలన్న ఆలోచన రాలేదు. ఇతరులు వేసిన వైరింగు అయి ఉంటే ముందు దాన్నే అనుమానించేవాణ్ని.

రెండోసారి వచ్చినప్పుడు కొలిస్తే 1.7 వోల్టులు దారిలోనే పోతున్నాయి. బ్యాటరీ వద్ద 11.4 ఉంటే సెల్ఫ్‌కు 9.7 మాత్రమే చేరుతోంది. ముక్కలు ముక్కలుగా కొలిచి చూస్తే అందులో 1.2 వోల్టుల నష్టం కేబుల్ చివర లగ్గు (టెర్మినల్‌కు బిగించే లోహపు కొస) నొక్కిన చోటే కనిపించింది. కేబుల్ విప్పి, తీగను బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెలుపు. అది రాగి పూత పూసిన అల్యూమినియం. తొడుగు ఒలిచి తూస్తే అదే పొడవున్న పాత రాగి తీగ బరువులో సగం కూడా లేదు. తొడుగు మందంగా ఉండడం వల్ల చేతికి లావుగా తగిలిందే తప్ప లోపలి తీగ సన్నది.

రాగితో పోలిస్తే అల్యూమినియం సుమారు 60 శాతమే విద్యుత్తును మోయగలదు. అంతకంటే పెద్ద చిక్కు కొసల దగ్గర వస్తుంది. గాలి తగిలిన అల్యూమినియంపై విద్యుత్తు పారని పొర ఏర్పడుతుంది, వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది, అందువల్ల ఇంజిను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ లగ్గులో పట్టు కొంచెం కొంచెం సడలుతుంది. సెల్ఫ్ తిరిగే క్షణంలో ఆ సన్నని దారిలో వంద ఆంపియర్లకు పైగా పారాలి. పొద్దుటి చల్లదనంలో ఎలాగో నెట్టుకొచ్చిన కారు, మన మే నెల ఎండలో ఇంజినూ సెల్ఫూ కాగిపోయి ఉన్నప్పుడు లొంగిపోయింది.

ఆ సరుకు ఇచ్చిన చెన్నై వ్యాపారితో నాకు 15 ఏళ్ల పరిచయం. ఫోను చేస్తే, చిన్న కార్లకు అది చాలుననీ, ఇప్పుడు అందరూ అదే వేస్తున్నారనీ చెప్పారు. కేబుల్ ముక్క సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లాను. ఆయన ముందే బ్లేడుతో గీకి చూపించాను. ఆయన ఆశ్చర్యపోలేదు. తెలిసే పంపించారని నాకు అర్థమైంది. బిల్లులో రాగి అని రాసి ఉన్న సంగతి చూపిస్తే, వచ్చే సరుకులో తగ్గించి ఇస్తానన్నారు. ఆ తగ్గింపు నాకు అక్కరలేదని చెప్పి వచ్చేశాను. బాకీ ఏమీ లేదు, ఇక లావాదేవీ కూడా ఉండదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన సరుకును గీకి చూడలేదన్న బాధ మాత్రం తగ్గలేదు.

ఇది ఇలా బహిరంగంగా రాయాలా వద్దా అని పది రోజులు మథనపడ్డాను. ఎవరి కారు మామూలు పనికి వచ్చినప్పుడు వారి కేబుల్‌ను చప్పుడు లేకుండా మార్చేయమని మా బావమరిది సలహా ఇచ్చాడు. తిరుపతి లీలామహల్ కూడలిలో పొద్దున పుట్టిన మాట సాయంత్రానికి తిరుచానూరు చేరుతుందనీ, నా పేరే చెడుతుందనీ అతని భయం. అతని మాటలో మంచే ఉంది, నేను దాదాపు ఒప్పుకున్నాను కూడా. అయితే చంద్రగిరి మాస్టారి ప్రీమియర్ పద్మిని సంగతి తెలిసిన తరువాత ఊరుకోలేకపోయాను. ఆయన భార్యనూ మనవరాలినీ తీసుకుని కాణిపాకం వెళ్తుండగా దారిలో మధ్యాహ్నపు ఎండలో కారు మొరాయించింది. గంటకు పైగా నిలబడి, చివరికి నలుగురి చేత నెట్టించుకుని ఇల్లు చేరారట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కారును మరో షాపుకు తీసుకెళ్లారు. 12 ఏళ్లుగా ఆ బండి బానెట్ మరొకరు ఎత్తి ఎరుగరు. ఆయన వచ్చి తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

కాబట్టి ఆ 19 కార్లకూ అసలు రాగి కేబుళ్లు ఉచితంగా వేస్తాను. అనవసరంగా సెల్ఫ్ పని చేయించుకున్న ముగ్గురికి సామాను ఖర్చుతో సహా మొత్తం డబ్బు వాపసు ఇస్తాను. కూలి మాత్రం ఇస్తే చాలునని వారిలో ఒకరు పెద్దమనసుతో అన్నారు. తప్పు నిర్ధారణకు కొత్త బ్రష్షులు వేశానని డబ్బు ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు, మొత్తమూ తీసుకోవలసిందే. ఇకపై రెడీమేడ్ కేబుళ్లు మా షాపులో ఉండవు. మీటరు లెక్కన రాగి తీగ తెచ్చి, గీకి చూసి, లగ్గులు నేనే నొక్కుతాను. ధర కొంత పెరుగుతుంది, పనికి మరో పూట పడుతుంది. బిగించిన తరువాత మీ ఎదుటే తాళం తిప్పించి, వోల్టేజి నష్టం ఎంతో మీటరులో చూపించి, ఆ అంకెను బిల్లుపై రాసి ఇస్తాను.

మీ వంతు వచ్చేలోగా కారు టక్కుమని ఆగిపోతే తాళాన్ని పదే పదే తిప్పకండి, లగ్గు ఇంకా వేడెక్కుతుంది. అరగంట నీడలో ఉంచి, లైట్లూ ఫ్యానూ ఆపి ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే నాకు ఫోను చేయండి. పుత్తూరు, పాకాల, చంద్రగిరి, ఎక్కడ ఆగినా కేబుల్ తీసుకుని నేనే వస్తాను. పద్మిని కొలతకు చేసిన కేబుల్ కూడా సిద్ధంగా ఉంది. మాస్టారు అనుమతిస్తే వారి ఇంటికే వచ్చి బిగిస్తాను.