మార్పిడి వార్డు బయటి దుమ్ము సంగతి

సంపాదకుడు గారికి,

2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ పేరు ఇంటింటా వినబడింది. ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం జనం ఊళ్లు పట్టుకుని తిరిగారు, జూన్‌లో జీఎస్టీ మండలి ఆ మందుపై పన్నును తాత్కాలికంగా ఎత్తివేసింది. ఆ హడావుడి సద్దుమణిగింది గానీ, రక్త క్యాన్సర్‌కో తలసీమియాకో మూలకణ (రక్తాన్ని తయారుచేసే స్టెమ్ సెల్) మార్పిడి చేయించుకున్నవారికి బూజు జబ్బుల భయం అంతకుముందూ ఉంది, ఇప్పటికీ ఉంది.

మా తమ్ముడికి మూలకణాలు ఇచ్చింది నేనే. మార్పిడికి ముందు ఇచ్చే కీమోతో పాత ఎముక మజ్జ ఖాళీ అవుతుంది. కొత్త కణాలు కుదురుకునే రెండు మూడు వారాల్లో తెల్ల రక్తకణాల కౌంట్ దాదాపు సున్నాకు పడిపోతుంది. మనమందరం రోజూ పీలుస్తున్నా మనల్ని ఏమీ చేయలేని ఆస్పర్‌జిల్లస్ బూజు రేణువులు, రెండు మూడు మైక్రాన్లే కాబట్టి ఊపిరితిత్తుల లోతుకు చేరి, అడ్డుకునే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు లేనప్పుడు అక్కడే మొలకెత్తుతాయి. అందుకే మార్పిడి రోగుల గదులకు అంత సన్నని రేణువులనూ గాలిలోంచి వడకట్టే హెపా ఫిల్టర్లు బిగిస్తారు. కానీ ఫిల్టరు కాపలా గడప దాకానే. తమ్ముణ్ణి స్కానింగ్‌కు వీల్‌చైర్‌లో తీసుకువెళ్లిన రోజు అదే అంతస్తులో గోడ పగలగొడుతున్నారు. దుమ్ముకు అడ్డంగా ఒక పాత దుప్పటి వేలాడుతోంది. పది రోజులకు తగ్గని జ్వరం, సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తిపై మచ్చ, ఈ బూజు ఆనవాలును పట్టే గెలాక్టోమానన్ పరీక్ష పాజిటివ్. మూడు నెలలు బూజును చంపే వోరికొనజోల్ మాత్రలు వాడాక కోలుకున్నాడు. ఆ దుమ్ము వల్లే వచ్చిందని నేను నిరూపించలేను. అయితే ఆసుపత్రుల్లో కూల్చివేతలు, తవ్వకాలు జరిగినప్పుడు ఇలాంటి కేసులు ఒక్కసారిగా పెరగడం వైద్యులకు దశాబ్దాలుగా తెలిసిన విషయమే.

మార్పిడి చేసే ఆసుపత్రుల్లో మరమ్మతు మొదలుపెట్టాలంటే ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీ రాతపూర్వక అనుమతి, నేల నుంచి కప్పు దాకా గాలి చొరబడని అడ్డు, రోగులను తీసుకువెళ్లడానికి వేరే దారి ఉండి తీరాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశించాలి. పక్క స్థలంలో కూల్చివేతకు అనుమతినిచ్చే పురపాలక అధికారులు ఆ తేదీని ఆసుపత్రికి ముందే తెలియజేయాలి. ఇంకొక మాట: డిశ్చార్జి తర్వాత కూడా, ముఖ్యంగా దాత కణాలు రోగి శరీరంపైనే తిరగబడి స్టెరాయిడ్లు వాడాల్సి వస్తే, ఈ ముప్పు నెలల తరబడి ఉంటుంది. దూరపు జిల్లాల వాళ్లు ఆ కాలమంతా ఆసుపత్రి చుట్టుపక్కల చెమ్మగిల్లిన అద్దె గదుల్లో గడుపుతున్నారు. వాళ్లకు పొడిగా, గాలి వెలుతురు బాగా వచ్చే వసతి గదులను ఆసుపత్రి దగ్గరలోనే ప్రభుత్వం ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

— ఒక మూలకణ దాత, హనుమకొండ