ర్యాంకుల పక్కనే టీచర్ల లెక్కా వేయండి

సంపాదకులకు నమస్కారం.

జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల ర్యాంకుల జాబితా గత వారం మీ పత్రికలో చూశాను. అడుగున ఉన్న బడుల టీచర్లకు మెమోలు ఇస్తామన్న అధికారుల మాటా చదివాను. అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

పై వరుసలో ఉన్న బడుల్లో తరగతికో గది, తరగతికో టీచరు ఉన్నారు. అడుగున ఉన్నవి చాలావరకు ఏకోపాధ్యాయ పాఠశాలలే. అలాంటి బడి ఒకటి నాకు బాగా తెలుసు. నల్లబల్లకు మధ్యలో గీత గీసి, ఒక పక్క మూడో తరగతికి తీసివేతలు, ఇంకో పక్క ఒకటో తరగతికి అక్షరాలు రాస్తారు అక్కడి టీచరమ్మ. నాలుగు, అయిదు తరగతులు వరండాలో ఎక్కాలు రాసుకుంటూ ఉంటాయి. ఇంతలో రిపోర్టు ఇంకా రాలేదంటూ పైనుంచి ఫోను. హాజరు, ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్క అన్నీ ఆవిడే యాప్‌లో ఎక్కించాలి. ఇక పాఠం ఎప్పుడు చెప్పాలి? ఆవిడకు జ్వరమొస్తే బడికి తాళమే.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని దాని షెడ్యూలులోనే రాశారు. ఈ లెక్క ప్రతి బడిలోనూ సరిపోవాలని 25వ సెక్షన్ చెబుతోంది. ఒక బడికి వేసిన టీచరును మరో బడికో ఆఫీసుకో పంపకూడదని కూడా అందులోనే ఉంది. అయినా డిప్యుటేషన్లు ఆగవు. అడిగితే జిల్లా సగటు చూపిస్తారు. రోడ్డు పక్క బడుల్లోని మిగులు, లోపలి ఊళ్లలోని ఖాళీలు కలిపి సగటు తీస్తే కొరత ఎక్కడ కనబడుతుంది?

టీచరు లేరని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటుకు మారుస్తున్నారు. పిల్లలు తగ్గారని ఉన్న పోస్టునూ పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే రేషనలైజేషన్‌లో ఎత్తేస్తున్నారు. తనిఖీకి వచ్చేవారు రిజిస్టర్లు తిరగేసి సంతకం పెట్టి వెళ్లిపోతున్నారు. ఒక్క పిల్లవాడి చేత నాలుగు వాక్యాలు చదివించి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఒకప్పటి ఇన్‌స్పెక్టర్లు ముందు అదే చేసేవారు.

ఈసారి జాబితా వేసేటప్పుడు ప్రతి ర్యాంకు పక్కన మంజూరైన పోస్టులు, పనిచేస్తున్న టీచర్లు, గదులు, మరుగుదొడ్ల లెక్క కూడా అచ్చు వేయండి. ఆ వివరాలు బడులు ఏటా కేంద్ర విద్యాశాఖ సమాచార వ్యవస్థ అయిన యూడైస్‌లో నింపుతూనే ఉన్నాయి. మెమోలు ఇచ్చే ముందు, ఆ బడులకు రెండో టీచరును ఎందుకు వేయలేదో జిల్లా విద్యాశాఖ లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు